వేడెక్కని బ్రేకులు

మేడమీది గదిలో దివాన్ లేదు.

మేబెల్ గుమ్మంలోనే నిలబడిపోయింది. పెళ్ళికి వచ్చిన చుట్టాలు రాత్రి పడుకున్న పక్కలు ఎత్తేద్దామని పైకి వచ్చిందామె. నెలల తరబడి కిటికీ కింద ఉన్న దివాన్ చోట ఇప్పుడు నాలుగు ఇటుకలు, ఓ మూలగా మడతపెట్టిన పూల దుప్పటి మాత్రం ఉన్నాయి.

ఆ దివాన్ సంగతి ఇంట్లో ఇద్దరికే తెలుసు. అది దివాన్ కాదు, రిచర్డ్ కారు వెనక సీటు. ఇటుకల మీద పెట్టి, దుప్పటి కప్పి, అటూ ఇటూ దిండ్లు వేస్తే సాక్షాత్తూ పాస్టరమ్మగారు వచ్చి కూర్చుని, "మెత్తగా ఉందమ్మా, ఎక్కడ కొన్నారు?" అని మెచ్చుకుని వెళ్ళింది.

మేబెల్ గబగబా కిందికి దిగి, వంటింటి వెనక వసారాలో బూట్లు తుడుచుకుంటున్న మొగుణ్ణి పట్టుకుంది.

"సీటు ఏదండీ?"

"కార్ల పెట్టిన." రిచర్డ్ తలెత్తలేదు.

"ఎప్పుడు?"

"పొద్దుగాల. అందరు చాయ్ తాగుతుంటె. మరి పెండ్లికూతురు డోరాను ఎక్కడ కూసోబెడతం, ఉత్త రేకు మీదనా?"

"బిగించారా?"

బూటు మీద బ్రష్షు ఇంకాస్త జోరుగా నడిచింది.

"మిమ్మల్నే. బిగించారా, లేదా?"

"దేనికి బిగించాలె? కింద పట్టీలు కట్ చేయించిన గదా, వెయిట్ తగ్గుతదని. ఊకె పెట్టిన. మంచిగనే కూసుంది. నువ్వు జెర చిన్నగ మాట్లాడు."

రిచర్డ్ ఆ కారు కొన్నది సంసారం కోసమని ఇంట్లో అందరూ నమ్మారు. వాడిన కారే అయినా పరుగులో పేరు మోసిన రకం. పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి వెళ్ళారు. ఆ వారంలోనే రిచర్డ్ రిపేరు వంకతో దాన్ని లాలాగూడలో ఒక షెడ్డుకు చేర్చి విప్పించడం మొదలుపెట్టాడు. స్టెప్నీ పోయింది. కార్పెట్లు పోయాయి. చప్పుడు రాకుండా నేలకు అతికించిన తారు పట్టాలను గీకించేశాడు. స్పీకర్లు పోయాయి, చివరికి ఏసీ కూడా పోయింది.

విప్పిన ప్రతి సామానునూ గోనెసంచిలో ఇంటికి తెచ్చి తూచేవాడు. పెళ్ళినాటికి సన్నబడదామని డోరా కొనుక్కున్న బరువు మెషీనే అందుకు పనికొచ్చింది. ఇంట్లో ఇద్దరు చిక్కిపోతున్నారు, ఒకరు ఆడపడుచు, రెండోది కారు, అని మేబెల్ అప్పట్లో పడీపడీ నవ్వేది. ఇవాళ ఆ నవ్వు గుర్తొస్తే ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది.

ఈ ఊడబెరకడమంతా రేపటి కోసం. చెన్నై దగ్గరి రేసు ట్రాకును అప్పుడప్పుడూ మామూలు జనానికి తెరుస్తారు. ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని తనివితీరా తోలుకోవచ్చు. కారు ఎంత తేలికైతే అంత పరుగు. పెళ్ళి విందు కాగానే ఎవరికీ చెప్పకుండా బయలుదేరాలని రిచర్డ్ ఏర్పాటు.

"మామయ్యగారికి తెలిస్తే?" అంది మేబెల్.

"ఎవరు చెప్తరు? నువ్వు చెప్తవా?"

మేబెల్ వంటింటి గుమ్మం వైపు ఒకసారి చూసింది.

రిచర్డ్ తండ్రి ప్రభుదాసుగారు మిలిటరీలో డ్రైవరుగా చేసి, సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్న మనిషి. వయసులో ఉండగా పందెం వేసుకుని ఆయన తోలిన జీపు బోల్తాపడి, పక్కన కూర్చున్న స్నేహితుడు జోగారావు అక్కడికక్కడే పోయాడు. ఆనాటి నుంచి ఆయన ఏ బండినీ నలభై దాటించలేదు. కారు కొన్ననాడు కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకుని, "రేసులు గీసులు లేవు గదా?" అని అడిగితే, "లేవు డాడీ" అన్నాడు రిచర్డ్.

ఆ ఇంట్లో ఒట్లు వేసుకోరు. అవునంటే అవును, కాదంటే కాదు. అది అబద్ధమని తేలితే మాత్రం నీతో కలిసి చర్చిలో ప్రభువు బల్ల దగ్గర మోకరించనని పెద్దాయన ఆనాడే చెప్పేశాడు. ఇవాళ డోరా పెళ్ళి ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే సంస్కారం ఉంది. తండ్రీ కొడుకులు పక్కపక్కన మోకరించాల్సిన రోజు ఇది.

"సీటు పోనీ, మెల్లగా వెళ్తే కదలదేమో," అంది మేబెల్, తనకు తానే సర్దిచెప్పుకుంటూ.

"సీటుది కాదు పరేషాన్. అసలు..." అని రిచర్డ్ నాలుక కరుచుకున్నాడు.

"అసలు ఏంటి?"

"ఏం లేదు. నేనే నడుపుత గదా."

"అసలు ఏంటండీ?"

రిచర్డ్ బూటు కింద పెట్టాడు. "బ్రేకులు. రేసు ప్యాడ్లు వేయించిన. అవి వేడెక్కితెనే పడతయి. ట్రాక్ మీద స్పీడ్‌గ పోయి గట్టిగ తొక్కుతుంటం కాబట్టి నిప్పులెక్క అయితయి. అప్పుడు ఇట్ల కాలు పెడితే చాలు, బండి మేకు కొట్టినట్టు ఆగుతది."

"చల్లగా ఉంటే?"

"ఇస్త్రీపెట్టె చల్లగుంటె ఎంత రుద్దినా ముడత పోతదా? గట్లనే."

"మెల్లగా వెళ్తే?"

"మెల్లగ పోతె అస్సలే వేడెక్కవు."

"పాతవి వేయించచ్చు కదా, ఈ ఒక్క పూటకి?"

"మళ్ళ ఎప్పుడు మార్చాలె? రేపు పొద్దుగాల ట్రాక్ మీద ఉండాలె నేను. చూడు, మన గల్లీ దాటంగనే రెండుమూడుసార్లు గట్టిగ కొట్టి వేడి చేస్త. దాని మిజాజు నాకు తెలుసు. ఎవ్వరికి తక్లీఫ్ ఉండది."

"మామయ్యగారికి చెప్పేయండి. ఇప్పుడే."

"పెళ్ళి కానీ. చెప్త."

"చెప్తానని దాటేయడం మీకు బాగా వచ్చు."

"నువ్వు మీ గుంటూరోళ్ళ లెక్క సూటిపోటి మాటలు షురూ చెయ్యకు, పెళ్ళిపూట."

లోపల డోరాకు జడ వేస్తున్న ఆడవాళ్ళ నవ్వులు వసారా దాకా వినిపించాయి.

*

ముందు వాకిట్లో కారుకు తెల్ల రిబ్బను కట్టారు. బానెట్ మీద బంతిపూలూ చామంతులూ అంటించారు. బయటికి చూస్తే ఎక్కడా వంక లేదు, పెళ్ళికారంటే ఇలాగే ఉండాలి. బందులూ ధర్నాలూ లేని శనివారం దొరికిందని చుట్టాలంతా దేవునికి స్తోత్రాలు చెప్పుకుంటున్నారు.

ప్రభుదాసుగారు నల్లసూటులో వచ్చాడు. బీరువాలోంచి తీసిన కలరా ఉండల వాసన ఆయనకంటే ముందే వచ్చింది. వచ్చీరాగానే కొడుకు ముందు చెయ్యి చాపాడు.

"తాళం ఇయ్యి."

రిచర్డ్ ముఖంలో నెత్తురు లేదు. "నేను నడుపుత డాడీ."

"నేనుండంగ నువ్వేంది?" పెద్దాయన నవ్వాడు. "మీ తాత మీ అత్తను ఎడ్లబండి మీద తోలుకపోయిండు చర్చికి. పగ్గాలు ఎవ్వరికియ్యలే. మన ఇంటి ఆడపిల్లను చర్చికి తండ్రే తోలుకపోవాలె. నీకు చెప్పలేదా?"

చెప్పాడు. చాలాసార్లే చెప్పాడు. మోకాళ్ళ నొప్పులతో ఏడాదిగా ఆయన స్టీరింగు ముట్టలేదు కదా, ఇక ఎక్కడ నడుపుతాడులే అని రిచర్డ్ లెక్కలోకి తీసుకోలేదు. కొడుకులకు తండ్రి మోకాళ్ళే కనిపిస్తాయి, పట్టుదల కనిపించదు.

"నీ మోకాళ్ళు..."

"ఇయ్యాల నా మోకాళ్ళ గురించి ఎవ్వరు మాట్లాడొద్దు. నువ్వు చుట్టాల వ్యాన్‌ల పో. ముందల పోయి, పాస్టరుగారికి మేమొస్తున్నమని చెప్పు."

తాళం చేతులు మారింది. ప్రభుదాసుగారు మిలిటరీ అలవాటు కొద్దీ కారు చుట్టూ ఒకసారి నడిచి వచ్చి, కొడుకు ఎదురుగా ఆగాడు.

"బండి మంచిగుందా?"

పనసకాయ బజ్జీల పళ్ళెంతో గుమ్మంలో నిలబడ్డ మేబెల్ ఆ మాట విని ఒక అడుగు ముందుకు వేసింది. చెప్పండి, చెప్పేయండి అని మనసులోనే మొగుణ్ణి బతిమాలింది.

"బ్రేకులు అవీ చూపించినవా?" అని పెద్దాయన మళ్ళీ అడిగాడు.

"అవును డాడీ," అన్నాడు రిచర్డ్. "మంచిగుంది."

ఆమె నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే అత్తగారు రోసమ్మ, "ప్రార్థన చేసుకుందాం రండి," అని పిలిచింది. అందరూ తలలు వంచారు. చేరవలసిన చోటుకు మమ్మల్ని క్షేమంగా చేర్చు తండ్రీ అని రోసమ్మ వేడుకుంటుంటే మేబెల్ కళ్ళు మూసుకోలేకపోయింది. రిచర్డ్ కూడా మూసుకోలేదు. ఇద్దరూ వంచిన తలల మధ్య ఒకరినొకరు చూసుకున్నారు.

ఆమెన్ అనేసరికి అతను వ్యాన్ వైపు నడుస్తున్నాడు. దాటిపోతూ పెళ్ళాం చెవిలో గొణిగాడు.

"డాడీని జెర స్పీడ్‌గ పోనియ్యమను."

ఎంత పిరికిమాట! మేబెల్‌కు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. వ్యాన్ కదిలింది.

*

డోరా గౌను వెనక సీటంతా పరుచుకుంది. ముసుగు చెదరకుండా పట్టుకోవడానికి వదిన పక్కనే కూర్చోవాలి కాబట్టి మేబెల్ ఆ సీటు మీదే కూర్చుంది. కింద అది అటూ ఇటూ ఆడుతున్నట్టు ఆమెకు తెలుస్తూనే ఉంది. రెండు చేతులతో ముందు సీటు గట్టిగా పట్టుకుంది.

కారు గల్లీ దాటింది. ఎండకు లోపల ఉక్కబోస్తోంది.

"డాడీ, ఏసీ పెట్టండి. పౌడర్ అంత కారిపోతుంది."

"గ్యాస్ అయిపోయిందన్నడు బిడ్డా మీ అన్న. అద్దాలు దించుకోండి."

అద్దాలు దించితే దుమ్మూ చప్పుడూ లోపలికి వచ్చిపడ్డాయి. చక్రాల కింద నలిగిన ప్రతి గులకరాయీ నేల రేకుకు కొట్టుకుని ఠంగుమంటోంది.

"వదినా, ఏందీ సౌండు? రేకుల షెడ్డుల కూసున్నట్టుంది."

"రోడ్డు బాగాలేదమ్మా," అంది మేబెల్. తను కూడా మొగుడి దారిలోనే పడ్డానని ఆమెకు అప్పుడు తెలిసింది.

ప్రభుదాసుగారు ముప్పైలో పోనిస్తున్నాడు. వెనకనుంచి హారన్లు మోగుతున్నా పట్టించుకోవడం లేదు. ముందు బండికి బారెడు దూరం ఉంచి, గతుకు కనిపిస్తే ముందే కాలు తీసి, గుడ్డులా తీసుకుపోతున్నాడు. అంత జాగ్రత్తగా తోలే మనిషి సికింద్రాబాదు మొత్తంలో ఉండడు. ఆ జాగ్రత్తను చూస్తున్నకొద్దీ మేబెల్‌కు భయం పెరుగుతోంది.

నేరేడ్‌మెట్ దగ్గర ముందు సిటీ బస్సు ఆగింది. ఆయన బ్రేకు మీద కాలు పెట్టాడు. కారు ఆగలేదు, జారుకుంటూ పోయింది. పెద్దాయన ఒంటి బరువంతా కాలి మీద వేశాడు. బస్సుకు బెత్తెడు దూరంలో ఆగింది. వెనక సీటు ముందుకు జరిగి, మేబెల్ మోకాళ్ళు ముందు సీటుకు కొట్టుకున్నాయి.

"ఏమైంది డాడీ?"

ఆయన మోకాలు రాసుకున్నాడు.

"నా కాలే బిడ్డా. తొక్కుతుంటే రాయిలెక్క ఉంది, బలం చాలుత లేదు. ముసలోణ్ణయిన. రిచర్డ్ చెప్పిండు గూడ, నేనే ఇనలే."

కొడుకు అబద్ధాన్ని ఆ తండ్రి తన మోకాలి మీద వేసుకుంటున్నాడు. మీ కాలు బాగానే ఉంది మామయ్యగారూ అని గొంతుదాకా వచ్చింది. పక్కన డోరా చల్లబడ్డ చేత్తో ఆమె చెయ్యి పట్టుకుని, "నువ్వేం ముసలోడివి కాదు డాడీ," అంటోంది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు చూసి మేబెల్ మాట మింగేసింది. చర్చి చేరితే చాలు, ఒక్క చర్చి చేరితే చాలు అనుకుంది.

"మామయ్యగారూ, కాస్త స్పీడుగా పోనివ్వండి."

"నువ్వా బిడ్డా ఈ మాట అనేది?" ఆయన అద్దంలోంచి ఆమెను వింతగా చూశాడు. "పెండ్లికూతుర్ని పెట్టుకొని తొందరేంది? నలభై దాటిస్తే నాకు పక్క సీట్ల జోగారావు కనపడతడు."

ఆయన కళ్ళు మళ్ళీ రోడ్డు మీదికి తిప్పాడు.

సఫిల్‌గూడ రైల్వే గేటుకు దారి దిగుడుగా ఉంటుంది. దూరంగా రైలు కూత వినిపించింది. గేటు కడ్డీ మెల్లగా వాలుతోంది. దాని ముందు స్కూటర్లు, కూరగాయల బండి, బడిపిల్లల రిక్షా ఒకదాని వెనక ఒకటి ఆగుతున్నాయి.

ప్రభుదాసుగారు చాలా ముందే కాలు తీశాడు. మెల్లగా దొర్లనిచ్చి, మెల్లగా బ్రేకు తొక్కాడు. దిగుడులో కారు ఆయన మాట వినలేదు. రిక్షాలో పిల్లలు వెనక్కి తిరిగి పెళ్ళికారును చూసి చేతులు ఊపుతున్నారు.

"తొక్కండి మామయ్యగారూ! రెండు కాళ్ళతో తొక్కండి! మీ కాలు కాదు, ఆ బ్రేకులే పట్టవు!"

అరిచింది తనేనని మేబెల్‌కు ఆ తరవాత గానీ తెలియలేదు. ఆయన హ్యాండ్‌బ్రేకు లాగి, స్టీరింగు కుడికి తిప్పాడు. కారు రిక్షాను రాసుకుంటూ పక్కకు పోయి గేటు కడ్డీ కిందికి ముక్కు దూర్చి ఆగింది. సీటు ఒక్కసారిగా ముందుకు జారి, ఆడవాళ్ళిద్దరూ గౌనుతో సహా నేల రేకు మీద పడ్డారు.

రైలు పెట్టె తరవాత పెట్టె, బానెట్ ముందునుంచే దడదడమంటూ పోయింది.

*

ఎవరికీ దెబ్బలు లేవు. డోరా ముసుగుకు మాత్రం నల్లమరక అంటింది. ఆమె కిందికి దిగి వదిన చెయ్యి పట్టుకుని నిలబడింది.

ప్రభుదాసుగారు వెనక తలుపు తీసి, సీటు అంచు పట్టుకుని ఎత్తాడు. అది ఒక్క చేత్తోనే లేచి వచ్చింది. కింద కార్పెట్ లేదు, పట్టీలు లేవు. కోసేసిన చోట ఇనుము తళతళలాడుతోంది. ఆయన వంగి, ఆ కోతలను వేలితో తడిమాడు.

"రేసులకా?"

"అవును," అంది మేబెల్.

"బ్రేకులు గూడ?"

"అవును."

ఆయన సీటు కిందికి దించాడు. "నీకు తెలుసా బిడ్డా?"

గేటు దగ్గర జనం గుమిగూడారు. డోరా వదిన ముఖంలోకే చూస్తోంది. ఇవాళే తెలిసిందని, సగమే తెలుసని, ఎన్నయినా చెప్పుకోవచ్చు. కానీ ఆ ఇంట్లో అడిగినదానికి రెండే జవాబులు.

"అవును మామయ్యగారూ."

డోరా వదిన చేతిలోంచి తన చెయ్యి లాక్కుంది. మేబెల్‌కు మామగారు చెంపమీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

ఆయన తిట్టలేదు. కారులో కింద పడ్డ పెళ్ళి పూలగుత్తి తీసి, దుమ్ము ఊది కూతురికి ఇచ్చాడు. ఖాళీ ఆటోను ఆపాడు.

"ఇద్దరు ఎక్కండి. నేను ఎనకనే వస్త."

"కారు ఇక్కడ పక్కన పెట్టేయండి మామయ్యగారూ. మీరూ ఆటోలోనే రండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఇది వాడు అడిగి చేయించుకున్నది. వానికి నేనే అప్పజెప్పాలె, నా చేతులతోని." గొంతు పెంచలేదు. "ఇంతకు ఎట్ల పడతయి అవి?"

"ఏంటి మామయ్యగారూ?"

"బ్రేకులు. ఎప్పుడు పడతయి?"

చెప్పకూడదని ఆమెకు అనిపించింది. చెప్పకపోతే ఇంకా ప్రమాదమని కూడా అనిపించింది. "వేడెక్కితే. స్పీడుగా వెళ్ళి గట్టిగా తొక్కాలట, రెండుమూడుసార్లు."

ఆయన ప్రసంగం విన్నంత శ్రద్ధగా విని తలాడించాడు. కోటు విప్పి పక్క సీటులో పెట్టాడు. ఎవరికోసమో ఉంచిన సీటులో పెడుతున్నట్టు నెమ్మదిగా, మడత నలగకుండా పెట్టాడు.

గేటు లేచింది. ఆటో పట్టాలు దాటింది. మేబెల్ ఫోన్ తీసి రిచర్డ్‌కు చేసింది. రింగు పోతోందే గానీ ఎత్తడం లేదు.

వెనకనుంచి ఒక చప్పుడు మొదలైంది. ఆ ఇంజను అలా అరవడం ఆమె రిచర్డ్ తోలినప్పుడే విన్నది.

తెల్ల రిబ్బను టపటపా కొట్టుకుంటూ కారు ఆటోను దాటింది. బానెట్ మీది పూలు ఊడి రోడ్డంతా ఎగిరాయి. స్టీరింగు వెనక ప్రభుదాసుగారి ముఖం ఒక్క క్షణం కనిపించింది. అందులో కోపం లేదు. కారు తోలేటప్పుడు రిచర్డ్ ముఖంలో ఆమె చూసి భయపడిన ఆ వెలుగే ఉంది.

"డాడీ!" అని డోరా ఆటోలోంచి సగం బయటికి వంగి కేకపెట్టింది. ఆయన తల తిప్పలేదు.

ముందు లాలాగూడకు తిరిగే మలుపు, ఆ మలుపులో బస్సు కోసం నిలబడ్డ జనం. ఇప్పుడు తొక్కాలి, ఇప్పుడు తొక్కుతాడు అనుకుంటూ మేబెల్ కారు వెనక, బ్రేకు తొక్కితే వెలిగే ఎర్రలైట్ల కోసం చూసింది.

అవి వెలగలేదు.